గబ్బిలాల గూటికి 10 కోట్ల పౌండ్లు, మా వీధి గుంటకు తారు లేదు

వలసపక్షి
గత నెలలో మా నలుగురి బ్రిటన్ వీసా పొడిగింపుకు దరఖాస్తు పెట్టాను. మూడేళ్ళకు, వీసాతో పాటు ప్రభుత్వ వైద్యానికని కట్టించుకునే ఒక్క ఆరోగ్య సర్‌ఛార్జీ లెక్క చెబుతాను. పెద్దవాళ్ళకు తలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మొత్తం 10,866. దరఖాస్తు రుసుము వేరు. డబ్బు కడుతున్నంతసేపూ మా ఆవిడ కంప్యూటర్ వైపు చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వారం తిరగకుండా కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) పన్ను బిల్లు వచ్చింది. నిరుటి కన్నా ఎక్కువ. ఆ మర్నాడు మా వీధి మలుపులో గుంటలో పడి కారు టైరు, రిమ్ము రెండూ పోయాయి. 240 పౌండ్లు. పరిహారం అడిగితే, ఆ గుంట గురించి ఎవరూ ముందుగా తెలియజేయలేదు కాబట్టి తమ బాధ్యత లేదని ఉత్తరం రాశారు. ఆ గుంట చుట్టూ తెల్లరంగు గీత గీసి ఉంది. ఆ గీత నేను గీయలేదు కదా!

ఆ రాత్రే లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు కడుతున్న అతివేగ హెచ్‌ఎస్2 రైలు మార్గంలో గబ్బిలాలకు అడ్డంగా కప్పు కట్టడానికి 10 కోట్ల పౌండ్లకు పైగా పోస్తున్నారని చదివాను. మన దగ్గర ముక్కుపిండి వసూలు చేసిన సొమ్ము ఎటు పోతున్నదో ఇక్కడ ఎవరికైనా తెలుసా? పైగా మనకు ఓటు కూడా లేదు, అడిగే హక్కూ లేదు.

పెసరట్టు
10 కోట్లను మీ 10,866తో భాగించాను. మీలాంటి 9,203 కుటుంబాలు కలిసి గబ్బిలాలకు ఇల్లు కట్టించాయన్నమాట. గృహప్రవేశానికి పిలుపు వచ్చిందా?

గోదారిగట్టు
పిలిచినా వెళ్ళకండి. గబ్బిలం ఇంటికి చుట్టాలొస్తే "నువ్వూ వేలాడు, నేనూ వేలాడతాను" అంటుంది. మర్యాదలు అంతవరకే.

లెక్కలమాస్టారు
నవ్వులు తరువాత. ముందు లెక్క సరిగా చెప్పుకుందాం. ఆరోగ్య సర్‌ఛార్జీ ఆరోగ్య సేవకే వెళ్తుంది, రైలుకు వెళ్ళదు. కోపం న్యాయమైనదే, ఖాతా మాత్రం వేరు. అసలు చూడవలసింది దాని పెరుగుదల. 2015లో మొదలుపెట్టినప్పుడు ఏడాదికి 200 పౌండ్లు. తరువాత 400, ఆపైన 624, 2024 ఫిబ్రవరి నుంచి 1,035. తొమ్మిదేళ్ళలో అయిదు రెట్లు దాటింది. జీతం నుంచి పన్ను, జాతీయ బీమా అందరిలాగే కడుతూ దీన్ని కూడా కడుతున్నాం. ఒకే వైద్యుడికి రెండుసార్లు ఫీజు ఇస్తున్నట్లు ఉంది.

వలసపక్షి
మాస్టారూ, ఖాతా వేరు అంటున్నారు. ఖాతాలు ఎన్ని ఉన్నా జేబు ఒకటే కదండీ.

లెక్కలమాస్టారు
మీ జేబు ఒకటే. వాళ్ళవి చాలా ఉన్నాయి, అన్నిటికీ చిల్లులే. అది ఒప్పుకుంటాను.

కంకరరాయి
నేను సివిల్ ఇంజినీరును. హెచ్‌ఎస్2లో కాదు, ఆ చుట్టుపక్కల పనుల్లో చేశాను. గబ్బిలాల మీద మరీ విరుచుకుపడకండి, వాటి తప్పేమీ లేదు. బకింగ్‌హామ్‌షైర్‌లో షీప్‌హౌస్ వుడ్ అనే అడవి పక్కన ఒక కిలోమీటరు మేర పట్టాల మీద కట్టే కప్పు అది. అక్కడ బెక్‌స్టైన్ అనే అరుదైన జాతి ఉంది. ఆ ఖర్చును బయటపెట్టింది ఎవరో విలేఖరి కాదు, హెచ్‌ఎస్2 సంస్థ అప్పటి అధ్యక్షుడు సర్ జాన్ థాంప్సన్ 2024 నవంబరులో తానే చెప్పారు. లండన్-బర్మింగ్‌హామ్ మొదటి దశ ఒక్కదానికే వివిధ సంస్థల నుంచి 8,276 అనుమతులు కావాల్సి వచ్చిందని కూడా అన్నారు. ప్రకృతి పరిరక్షణ సంస్థేమో ఫలానా కప్పే కట్టమని తాము అడగలేదు పొమ్మంది. అడిగినవాడు లేడు, వద్దన్నవాడు లేడు, కప్పు మాత్రం లేస్తున్నది.

అసలు గండి వేరే చోట పడింది. 2012 ప్రాంతంలో లండన్ నుంచి బర్మింగ్‌హామ్, అక్కడి నుంచి మాంచెస్టర్, లీడ్స్ రెండు కొమ్మలకూ కలిపి 3,270 కోట్ల పౌండ్లు అన్నారు. 2021 నవంబరులో లీడ్స్ కొమ్మ నరికారు. 2023 అక్టోబరులో మాంచెస్టర్ కొమ్మ నరికారు. నరికిన రెండో దశ మీద అప్పటికే 200 కోట్లకు పైగా ఖర్చు పెట్టారు. మిగిలిన మొండెం ఒక్కదానికే ఇప్పుడు మొత్తం చెట్టుకు చెప్పిన దాని కన్నా ఎక్కువ అవుతున్నది. కారణం మా వృత్తిలో పిల్లలకు కూడా తెలుసు. డిజైను పూర్తికాకుండానే 2020లో గుత్తేదారులకు పచ్చజెండా ఊపారు. ఒప్పందంలో నష్టభయం ఎక్కువగా ప్రభుత్వం నెత్తినే ఉంది. గీత మారినప్పుడల్లా బిల్లు మారింది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ గోడ లేపాక "కిటికీ అటు కాదు ఇటు" అంటే ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడ ప్రధానమంత్రి మారినప్పుడల్లా కిటికీ మారింది.

2033కల్లా రైలు నడుస్తుందన్న మాట కూడా 2025 జూన్‌లో రవాణా మంత్రి హైడీ అలెగ్జాండర్ వెనక్కి తీసుకున్నారు.

పెసరట్టు
మాంచెస్టర్ రైలు రద్దు చేస్తున్నామని అప్పటి ప్రధాని రిషి సునాక్ ఎక్కడ ప్రకటించారో గుర్తుందా? మాంచెస్టర్‌లోనే. అదీ ఒకప్పటి రైల్వే స్టేషనును మార్చి కట్టిన సభాభవనంలో. పెళ్ళి రద్దయిందని పెళ్ళిపందిట్లోనే చెప్పాడు మహానుభావుడు.

గోదారిగట్టు
ఆ మిగిలిన 3,600 కోట్లతో ఉత్తరాదికి ఏమేమి చేస్తామో ఒక జాబితా కూడా ఇచ్చారు. అందులో మాంచెస్టర్ విమానాశ్రయానికి ట్రామ్ ఒకటి. ఆ ట్రామ్ 2014 నుంచీ నడుస్తున్నది! నేను దాంట్లోనే దిగి మా బావమరిదిని తీసుకురావడానికి వెళ్ళేవాడిని. ఇంత వేగంగా నెరవేరిన హామీ ప్రపంచంలో మరొకటి ఉండదు, ఇవ్వడానికి తొమ్మిదేళ్ళ ముందే నెరవేరింది.

చినుకు_87
కంకరరాయి గారూ, బర్మింగ్‌హామ్ దాటి మాంచెస్టర్ వెళ్ళే కొత్త రైళ్ళలో ఇప్పుడు నడిచే పెండొలినో రైళ్ళ కన్నా సీట్లు తక్కువ అని విన్నాను. నిజమా?

కంకరరాయి
నిజమే. ఇప్పుడు నడిచే పొడవైన వాటి కన్నా తక్కువ. రద్దీ తగ్గించడానికి మొదలుపెట్టిన పథకం అది. ఇంతకన్నా నన్ను అడగకండి, భోజనం చేయాలి.

రాత్రిడ్యూటీ
మీరంతా రైళ్ళ గురించి నవ్వుకుంటున్నారు. 2020 ఏప్రిల్‌లో కరోనా రోజుల్లో నేను ఒక ఆసుపత్రి వార్డులో పని చేశాను. పేరు చెప్పను. గౌన్లు అయిపోయాయి. చెత్తకుండీలో వేసే ప్లాస్టిక్ సంచికి తలకు, చేతులకు కత్తెరతో కంతలు పెట్టి తొడుక్కున్నాము. మాస్కు ఒక్కటే పూటంతా. నాతో పనిచేసిన ఒక నర్సు ఇప్పుడు లేదు. ఆమెది మా పక్క జిల్లా.

ఆ తరువాత రెండేళ్ళకు పేపర్లో చూశాను. ఆ ఏడాది పీపీఈ మీద 1,210 కోట్ల పౌండ్లు ఖర్చు పెట్టి, అందులో 870 కోట్లు ఖాతాల్లోంచి కొట్టేశారట. పనికిరానివి తగలబెట్టి కరెంటు తీస్తామన్నారు. మేము సంచులు కత్తిరించుకున్న దేశం ఇదే కదా అనుకున్నాను.

లెక్కలమాస్టారు
అమ్మా, మీరు చెప్పిన దానికి ఎదురు చెప్పే అర్హత నాకు లేదు. ఒక్క సవరణ మాత్రం. ఆ 870 కోట్లలో 470 కోట్లు ధర పడిపోవడం వల్ల వచ్చిన తేడా. ప్రపంచమంతా ఒకేసారి ఎగబడినప్పుడు కొన్నారు, ఏడాది తిరిగేసరికి మార్కెట్ ధర దిగింది. అది దుబారా అనలేము, ఆపత్కాలపు ధర. మిగతాది వేరే కథ. దాదాపు 67 కోట్ల సరుకు ఎందుకూ పనికిరానిది, 260 కోట్లది ఆసుపత్రుల్లో వాడడానికి తగనిది, 75 కోట్లది గడువులోగా వాడలేనంత మిగులు.

రాత్రిడ్యూటీ
సరే మాస్టారూ, మిగతాదే తీసుకుందాం. 400 కోట్లు. మంత్రులకు, ఎంపీలకు తెలిసినవాళ్ళ సంస్థలకు ప్రత్యేక వరుస పెట్టారు. ఆ వరుస చట్టవిరుద్ధమని 2022 జనవరిలో హైకోర్టు చెప్పింది. ఒక సంస్థ ఇచ్చిన గౌన్లు క్రిమిరహితంగా ఉన్నాయని రుజువు చేయలేకపోయింది, 12.2 కోట్లు తిరిగి కట్టమని 2025 అక్టోబరులో తీర్పు వచ్చింది. ఆ డబ్బు వచ్చాక నాకు ఒక మాట చెప్పండి. నేను ఇక్కడే ఉంటాను, ఎలాగూ రాత్రిళ్ళు నిద్ర లేదు.

పాతకాపు
నేను వచ్చి 20 ఏళ్ళు దాటింది. మీకు ఇది కొత్త, నాకు పాత పాట. 2002లో ఆరోగ్య సేవ మొత్తానికి ఒకే కంప్యూటర్ వ్యవస్థ అన్నారు. ఏ ఊరి రోగి కాగితమైనా ఏ ఊళ్ళోనైనా తెరపై కనిపిస్తుందన్నారు. దాదాపు 1,000 కోట్లు మింగి 2011లో మూసేశారు. మన తెలుగు కుర్రాళ్ళు ఎంతమంది ఆ పని మీద వచ్చి ఇక్కడ ఇళ్ళు కొనుక్కున్నారో నాకు తెలుసు. వాళ్ళ పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళాను. దుబారా అన్నది ఎవడికో ఒకడికి జీతం అవుతుంది, అది మరిచిపోకండి.

పెసరట్టు
బాబాయి గారు గుట్టు విప్పేశారు. నేనూ ఒకటి ఒప్పుకుంటాను. 2020 ఆగస్టులో బయట తింటే సోమ, మంగళ, బుధవారాల్లో తలకు 10 పౌండ్ల దాకా సగం బిల్లు ప్రభుత్వం కట్టింది. 84 కోట్లకు పైగా అయిందట. అందులో మసాలా దోసెల రూపంలో గణనీయమైన భాగం మా ఇంట్లోదే. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తుంటే చేయి చాపిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

రాత్రిడ్యూటీ
ఆ తరువాత సెప్టెంబరులో మా వార్డు మళ్ళీ నిండడం మొదలైంది. దోసెల వల్లే అని అనడం లేదు. ఊరికే గుర్తొచ్చింది.

పెసరట్టు
…సరే. దానికి నా దగ్గర జోకు లేదు.

తిరుగుటపా_హైదరాబాద్
నేను ఏడేళ్ళు రెడింగ్‌లో ఉండి తిరిగి వచ్చేశాను. ఇక్కడి నుంచి ఇదంతా చదువుతుంటే వింతగా ఉంది. మన దగ్గర ఫ్లైఓవరు పదేళ్ళు స్తంభాల మీదే నిలబడితే ఎవరూ పట్టించుకోరు. అక్కడ కనీసం లెక్క బయటికి వస్తుంది. జాతీయ ఆడిట్ కార్యాలయం నివేదిక రాస్తుంది, పార్లమెంటు కమిటీ అధికారిని నిలబెట్టి అడుగుతుంది. అది చిన్న విషయమా?

గోదారిగట్టు
చిన్న విషయం కాదు. కానీ దొంగ వెళ్ళిపోయాక చక్కగా టైపు చేసిన పంచనామా అది. ఎవరి ఉద్యోగం పోయింది? 2018 డిసెంబరులో ఒక్క ఓడ కూడా లేని సంస్థకు ఓడలు నడపమని 1.38 కోట్ల పౌండ్ల ఒప్పందం ఇచ్చారు. దాని వెబ్‌సైటులోని నిబంధనలు ఏదో ఆహారం తెచ్చిచ్చే దుకాణం నుంచి ఎత్తిరాసినట్లు ఉన్నాయని పత్రికలు పట్టుకున్నాయి. ఒప్పందం రద్దయింది. ఈ వ్యవహారంలో తనకు అన్యాయం జరిగిందని కోర్టుకెక్కిన సొరంగ రైలు సంస్థకు 3.3 కోట్లు ఇచ్చి రాజీ పడ్డారు. మంత్రి క్రిస్ గ్రేలింగ్ ఆ తరువాత కూడా మంత్రిగానే ఉన్నారు.

చినుకు_87
ఓడలంటే గుర్తొచ్చింది. గ్లాస్గో దగ్గర 2017లో ఒక ఓడను జలప్రవేశం చేయించారు. కిటికీలు ఇంకా పెట్టలేదు, అందుకని కిటికీ బొమ్మలు రంగుతో వేశారు! అది ప్రయాణికులను ఎక్కించుకున్నది 2025 జనవరిలో.

లెక్కలమాస్టారు
అది స్కాట్లాండ్ ప్రభుత్వం. దీంట్లో కలపకండి.

చినుకు_87
నేను ఉండేది స్కాట్లాండే మాస్టారూ. మా మీద కూడా కాస్త జాలి పడండి.

అయిదేళ్ళమాట
దుబారా సంగతి నాకు పెద్దగా పట్టదు, దేశం అన్నాక ఉంటుంది. నన్ను కాల్చేది మాట తప్పడం. అయిదేళ్ళు పనిచేస్తే శాశ్వత నివాసం అని రాసి ఉంటేనే వచ్చాను. నాలుగో ఏడు నడుస్తుండగా 2025 మేలో శ్వేతపత్రం తెచ్చి పదేళ్ళు అన్నారు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య. మా అమ్మకు ఇంకా చెప్పలేదు. "వచ్చే ఏడాది అయిపోతుంది కదరా" అని ప్రతి ఆదివారం అడుగుతుంది.

పాతకాపు
తమ్ముడూ, 2006లో మాకూ ఇదే జరిగింది. నైపుణ్యం గల వలసదారుల పథకం కింద వచ్చిన వాళ్ళకు వీసా పొడిగింపు పాయింట్లు ఆట మధ్యలో మార్చారు. చాలామంది సామాన్లు సర్దుకున్నారు. మావాళ్ళు చందాలు వేసుకుని హైకోర్టుకు వెళ్ళారు. మేము 50 పౌండ్లు వేశాము, అప్పట్లో అది మాకు వారం సరుకులు. 2008లో గెలిచాము. ముందు చెప్పిన మాట నమ్మి వచ్చినవాళ్ళకు కొత్త నిబంధన రుద్దడం అన్యాయమని కోర్టు చెప్పింది. ఈసారీ అలాగే అవుతుందని చెప్పను. దిగులు పడి కూర్చోవద్దని మాత్రం చెబుతాను.

అయిదేళ్ళమాట
ఈ సంగతి నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు బాబాయి గారూ. ఆ తీర్పు వెతికి చదువుతాను.

మూడోవరుస
తప్పిన మాటలు మనకు ఒక్కరికే కాదు, ఇక్కడ పుట్టినవాళ్ళకూ ఉన్నాయి. 2010లో విశ్వవిద్యాలయ ఫీజులు పెంచబోమని లిబరల్ డెమొక్రాట్లు సంతకాలు పెట్టి ఫొటోలు దిగారు. ఆ డిసెంబరులోనే 9,000 పౌండ్లకు పెంచే ఓటింగు జరిగింది, వాళ్ళలో కొందరు అనుకూలంగా చేయెత్తారు. రెండేళ్ళకు వాళ్ళ నాయకుడు నిక్ క్లెగ్ క్షమాపణ చెప్పారు. నా అప్పు మాత్రం క్షమించలేదు. ప్రతి నెలా జీతంలోంచి కోత.

రాత్రిడ్యూటీ
2030లోగా 40 కొత్త ఆసుపత్రులు అని బోరిస్ జాన్సన్ 2019లో చెప్పారు. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం తేదీలు మళ్ళీ రాసింది, కొన్నిటికి పని మొదలయ్యేదే 2030ల చివరిలో. కింగ్స్ లిన్‌లో ఆసుపత్రి కప్పు కూలకుండా వేల సంఖ్యలో ఉక్కు, చెక్క ఊతలు నిలబెట్టారు. రోగి మంచానికి, మంచానికి మధ్య స్తంభాల అడవి.

లెక్కలమాస్టారు
నా వంతు ఒకటి. ఆదాయపన్ను లేని మొత్తం 12,570 పౌండ్ల దగ్గర 2021 నుంచి కదలలేదు. జీతం ధరలతో పాటు పెరిగినా పన్ను మేస్తూ ఉంటుంది, ఎవరూ "పన్ను పెంచాము" అని చెప్పనక్కరలేదు. 2028 తరువాత మళ్ళీ ధరలతో పాటు కదిలిస్తామని ఆర్థిక మంత్రిగా రేచల్ రీవ్స్ 2024 బడ్జెట్‌లో చెప్పారు. 2025 బడ్జెట్‌లో 2031 దాకా అలాగే అన్నారు. మాట ఇచ్చిన మనిషే, ఏడాది తేడాతో.

తిరుగుటపా_హైదరాబాద్
శరణు కోరి వచ్చినవాళ్ళను రువాండాకు పంపేస్తామన్న పథకం సంగతి ఎవరూ ఎత్తలేదేమి?

పెసరట్టు
70 కోట్లు, నలుగురు మనుషులు. ఆ నలుగురూ తమంతట తాము వెళ్తామన్నవాళ్ళు. తలకు 17.5 కోట్లు. నేను గుంటూరు వెళ్తానంటే ఇందులో నూరో వంతుకే ఒప్పుకుంటాను.

గోదారిగట్టు
నేను వెయ్యో వంతుకు.

కంకరరాయి
భోజనం అయింది. వలసపక్షి గారూ, మీరు మొదటి టపాలో ఓటు లేదు అన్నారు. ఎవరూ పట్టుకోలేదు. మీరు భారత పౌరులే కదా?

వలసపక్షి
అవును, పాస్‌పోర్టు ఇంకా నీలిదే. అందుకే లేదు అన్నాను.

కంకరరాయి
ఉంది. కామన్‌వెల్తు దేశాల పౌరులు చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తుంటే అన్ని ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. కౌన్సిల్‌కూ, పార్లమెంటుకూ. శాశ్వత నివాసం అక్కరలేదు, వీసా చాలు. నమోదు మాత్రం చేసుకోవాలి, ఓటు వేసే రోజు ఫొటో గుర్తింపు తీసుకెళ్ళాలి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది.

అయిదేళ్ళమాట
ఏమిటీ? నాలుగేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను, 2024 ఎన్నికల రోజు ఇంట్లో కూర్చుని టీవీ చూశాను!

పాతకాపు
ఏటా ఒక్కరికైనా ఈ మాట చెబుతాను, ఏటా ఇదే ముఖం చూస్తాను.

గోదారిగట్టు
ఓటు వేసి ఏమి సాధించారు బాబాయి గారూ? ఇన్నేళ్ళుగా వేస్తున్నారుగా. పైనున్నవన్నీ మీ హయాములోనే జరిగాయి.

పాతకాపు
ఎంపీ సంగతి చెప్పలేను. కౌన్సిలరు మాత్రం మా ఇంటి తలుపు తట్టాడు, మా వార్డులో తను గెలిచింది 31 ఓట్లతో. మన తెలుగువాళ్ళ ఇళ్ళే ఆ వార్డులో అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. మా వీధి దీపాలు వెలుగుతున్నాయి.

గోదారిగట్టు
దీపాలకు సరే. గబ్బిలాల కప్పు ఆగదుగా.

కంకరరాయి
అది ఇప్పుడు ఆపితే ఇంకా ఎక్కువ ఖర్చు. దయచేసి ఎవరూ ఆపవద్దు.

వలసపక్షి
ఇంతసేపూ ఆ పనిమీదే ఉన్నాను. మా ఊళ్ళో మేలో కౌన్సిల్ ఎన్నికలు. ఇద్దరమూ నమోదు చేసుకున్నాము. జాతీయ బీమా సంఖ్య, పుట్టినతేదీ, చిరునామా, అంతే. అయిదు నిమిషాలు. చివర్లో అలవాటుగా కార్డు తీసి పట్టుకున్నాను, డబ్బులు అడగలేదు! ఈ దేశంలో నేను ఉచితంగా పెట్టిన మొట్టమొదటి దరఖాస్తు ఇదే. మా ఆవిడ నమ్మలేదు, మోసగాళ్ళ సైటేమో మళ్ళీ చూడమంది.

పెసరట్టు
గుంట సంగతి?

వలసపక్షి
ఈ పూట కౌన్సిల్ బండి వచ్చింది. ఇద్దరు దిగారు. పాత గీత వెలిసిపోయిందని చుట్టూ కొత్తగా రంగు వేసి వెళ్ళారు. ఈసారి పసుపు.